నాలుకకు పళ్ళున్న చేప

సూరత్ రింగ్ రోడ్డు మీది బట్టల మార్కెట్లలో ఒక్కొక్కదానిలో వందల దుకాణాలుంటాయి. చీరల మూటలు మోసేవాళ్ళను తప్పించుకుంటూ ఒకసారి అలాంటి ఒక దుకాణంలోకి వెళ్ళాను. గల్లాపెట్టె వెనకాల నాలుగడుగుల గాజు తొట్టె, అందులో ఒకే ఒక్క చేప. పొడవు రెండడుగులకు తక్కువుండదు. వెండి రేకును అతికించినట్టుగా పెద్ద పెద్ద పొలుసులు, పడవ ముక్కులా పైకి తెరుచుకునే నోరు, గడ్డం కింద రెండు మీసాలు. తొట్టెలో ఈ చివరి నుంచి ఆ చివరికి పోతుంది, నడుము వంచి కష్టం మీద తిరుగుతుంది, మళ్ళీ వస్తుంది. ఇది ఉంటే వ్యాపారం కలిసొస్తుందని యజమాని నమ్మకం. చైనావాళ్ళకు ఈ చేప డ్రాగన్‌లా కనిపించింది. ఆ నమ్మకం తొట్టెతో పాటే సూరత్ దాకా వచ్చింది.

ఆ దుకాణంలో గుమాస్తా మనవాడే. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పని కోసం సూరత్ వలస వచ్చిన నేత కుటుంబాల సంగతి మీరు వినే ఉంటారు. వాళ్ళ పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతుంది. అలాంటి బడిలో ఏడో తరగతి చదివే గుమాస్తాగారబ్బాయి ఆ రోజు తొట్టె ముందు కూర్చుని ఉన్నాడు. నేను సైన్సు పత్రికకు రాస్తానని తెలియగానే రెండు ప్రశ్నలు వేశాడు.

"సార్, దీని కన్ను ఒకటి కిందికి ఎందుకు జారింది?"

"మల్ల వరదొస్తే ఇది తాపిల పడిపోతదా?"

మొదటి ప్రశ్న వినేదాకా నేను ఆ కన్నును గమనించనేలేదు. రెండో ప్రశ్నకు అప్పుడు ఏదో పొడిపొడిగా చెప్పి తప్పించుకున్నాను. ఆ రెండింటికీ సరైన జవాబు చెప్పాలంటే ముందు ఈ చేప ఎవరో, ఎక్కడిదో తెలియాలి.

దీని పేరు అరోవానా. తొట్టెలో ఉన్నది దక్షిణ అమెరికాలో అమెజాన్ నదీ ప్రాంతానికి చెందిన వెండి అరోవానా. శాస్త్రీయనామం ఆస్టియోగ్లోసమ్ బైసిర్రోసమ్. గ్రీకులో 'ఆస్టియాన్' అంటే ఎముక, 'గ్లోసా' అంటే నాలుక. ఎముక నాలుక గల చేప అన్నమాట. మనం ఆహారాన్ని పై దవడ, కింది దవడ పళ్ళ మధ్య నొక్కి నములుతాం. ఈ చేపలకు దవడ పళ్ళతో పాటు నాలుక ఎముక మీద కూడా పళ్ళుంటాయి. నాలుకను పైకెత్తి అంగిలికి నొక్కితే మధ్యలో చిక్కుకున్న పురుగు గతి అంతే. ఇదే క్రమంలోని అరపైమా అనే మహాకాయపు చేప నాలుకను అమెజాన్ ప్రజలు ఎండబెట్టి, గ్వారానా అనే గింజల ముద్దను కోరడానికి మన కొబ్బరి కోరాములా వాడేవారు.

ఈ క్రమంలోని చేపలు చాలా ప్రాచీనమైనవి. వీటి చుట్టరికం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అమెజాన్‌లో వెండి అరోవానా, నల్ల అరోవానా, అరపైమా. ఆఫ్రికాలో హెటెరోటిస్, సీతాకోకచిలుక చేప, ఏనుగు తొండంలాంటి మూతితో విద్యుత్ సంకేతాలు పంపే మార్మిరిడ్ చేపలు. ఆగ్నేయాసియాలో లక్షల రూపాయలు పలికే ఎర్ర అరోవానా. ఆస్ట్రేలియాలో మరో రెండు జాతులు. (అన్నట్టు, ఆ ఏనుగుమూతి చేపల్లో ఒకదాని శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 60 శాతం మెదడుకే పోతుందని లెక్కగట్టారు. మనిషిలో అది 20 శాతం. తెలివిగల చేపేమో అనుకోకండి. చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రంలోని మార్పులను క్షణక్షణం లెక్కవేయడానికి దానికి అంత మెదడు కావాలి.)

ఇవన్నీ మంచినీటి చేపలే. మరి అమెజాన్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ బోర్నియోలోనూ దగ్గరి బంధువులు ఎలా ఉన్నాయి? మధ్యలో మహాసముద్రాలున్నాయి కదా!

ఈ ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండేవని భూగోళం పాఠంలో చదివే ఉంటారు. దక్షిణ అమెరికా, ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, మన భారతదేశం అన్నీ గోండ్వానా అనే మహాఖండంలో భాగాలు. ఆ ఖండం ముక్కలవుతూ చేపలను కూడా పంచుకుపోయిందంటే దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియాల చుట్టరికం అర్థమవుతుంది. చిక్కల్లా ఆగ్నేయాసియాతోనే. బోర్నియో, సుమత్రా, మలయా గోండ్వానా నుంచి ఆ కాలంలో విడిపోయిన ముక్కలు కావు. అక్కడికి అరోవానా ఎలా చేరింది?

జపాన్ శాస్త్రజ్ఞులు కుమజావా, నిషిదా 2000లో ఒక జవాబు ప్రతిపాదించారు. ఈ చేపల మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.ను పోల్చి చూసి, ఆసియా అరోవానా, ఆస్ట్రేలియా అరోవానాల పూర్వీకులు దాదాపు 14 కోట్ల ఏళ్ళ క్రితమే వేరుపడ్డాయని వాళ్ళు అంచనా వేశారు. అయితే ఆసియా అరోవానా పూర్వీకులను ఆసియాకు మోసుకొచ్చిందెవరు? వాళ్ళ ఊహ ప్రకారం, మన భారతదేశమే! గోండ్వానా నుంచి విడిపోయి, కోట్ల ఏళ్ళపాటు ఒంటరిగా ఉత్తరానికి ప్రయాణించి ఆసియాను ఢీకొన్న భారత భూఫలకం ఒక పెద్ద పడవలా ఆ చేపలను తెచ్చి దించిందన్నమాట.

వినడానికి కథలా ఉన్నా సాక్ష్యం అసలు లేకపోలేదు. ఆ సాక్ష్యంలో కొంత మన ఇంటి దగ్గరే ఉంది. దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం దక్కన్‌లో లావా పొరలు పొరలుగా పారింది. ఒక ప్రవాహానికీ మరొక ప్రవాహానికీ మధ్య విరామాల్లో చెరువులు ఏర్పడ్డాయి, చేపలు బతికాయి, చచ్చి బురదలో కూరుకుపోయాయి. మీద మళ్ళీ లావా పారింది. హైదరాబాద్ సమీపంలోని రంగాపూర్ వద్ద అలాంటి పొరల్లో దొరికిన చేపల చెవిరాళ్ళను ఆర్.ఎస్. రాణా అధ్యయనం చేసి 1988లో వివరించారు. చేప లోపలి చెవిలో ఉండే ఈ చిన్న సున్నపు రాళ్ళ ఆకారాన్ని బట్టి చేప కుటుంబాన్ని గుర్తించవచ్చు. వాటిలో ఎముక నాలుక చేపల కుటుంబానివి ఉన్నాయి. రాజస్థాన్‌లోని బికనీర్ ప్రాంతంలో దొరికిన, అదే కుటుంబానికి చెందిన మరో శిలాజ చేపకు 2005లో టావెర్నిక్తిస్ బికనీరికస్ అని పేరు పెట్టారు. అంటే మనదేశపు నీళ్ళలో ఈ కుటుంబపు చేపలు ఒకప్పుడు ఈదినమాట నిజం.

అంతమాత్రాన భారత పడవ కథ రుజువైనట్టు కాదు. చైనాలో ఇయోసీన్ కాలపు అరోవానా శిలాజాలు దొరికాయి. ఐరోపాలో సముద్రపు అడుగున ఏర్పడిన పొరల్లో కూడా ఈ కుటుంబపు చేపలు బయటపడ్డాయి. ఒకప్పుడు కొన్ని ఉప్పునీటిలో బతకగలిగితే సముద్రం దాటడానికి పడవ ఎందుకు? వాదం ఇంకా తెగలేదు. నాకు మాత్రం భారత పడవ కథే ఇష్టం. ఇష్టం సాక్ష్యం కాదనుకోండి.

ఏమైతేనేం, నేడు మన నదుల్లో సహజంగా పెరిగే అరోవానా ఒక్కటీ లేదు. మనకు అతి దగ్గరలో ఉన్నది మియన్మార్‌లో. పొలుసుల మీద చిక్కుదారుల్లాంటి గీతలుండే ఆ జాతికి 2012లో పేరు పెట్టారు.

కన్ను సంగతి

అమెజాన్ వానాకాలంలో పది మీటర్ల పైచిలుకు ఎత్తు పెరుగుతుంది. నది ఒడ్డు దాటి అడవిలోకి ప్రవేశిస్తుంది. నెలల తరబడి చెట్ల మొదళ్ళు, కొన్నిచోట్ల కొమ్మలు కూడా నీళ్ళలోనే ఉంటాయి. మనకు వరద విపత్తు, అరోవానాకు అది పంటకాలం. చెట్ల మధ్య నీటి ఉపరితలానికి ఆనుకుని ఈదుతూ పైకి చూస్తుంది. కొమ్మ మీద మిడతో పేడపురుగో కనిపిస్తే శరీరాన్ని ఎస్ అక్షరంలా వంచి, స్ప్రింగులా విడిచి, నీళ్ళలోంచి గాలిలోకి ఎగిరి పట్టుకుంటుంది. అక్కడివాళ్ళు దీన్ని 'నీటి కోతి' అంటారు.

ఇది ఎంత కష్టమైన లెక్కో చూడండి. గ్లాసులో పెట్టిన స్పూను విరిగినట్టు కనిపించడం మీకు తెలుసు. నీటిలోంచి పైకి చూసే చేపకు ప్రపంచమంతా అలా వంగే కనిపిస్తుంది. నీటిలో కాంతి సందిగ్ధకోణం సుమారు 48.6 డిగ్రీలు. కాబట్టి అటు దిగంతం నుంచి ఇటు దిగంతం వరకు ఉన్న ఆకాశమంతా చేపకు 97 డిగ్రీల వెడల్పున్న ఒక గుండ్రని కిటికీలో ఇమిడిపోతుంది. ఆ కిటికీ అవతల ఉపరితలం అద్దమే. నీటి అడుగును ప్రతిబింబిస్తుంది. సరిగ్గా నెత్తిన ఉన్న పురుగు తప్ప ఏదీ అది కనిపించిన దిక్కులో ఉండదు. అయినా గురి తప్పడం అరుదైతేనే కడుపు నిండుతుంది. అందుకు తగ్గట్టే కళ్ళు తల పైభాగాన ఉన్నాయి, నోరు పైకి తెరుచుకుంటుంది, వీపు దాదాపు గీత గీసినట్టు చదునుగా ఉంటుంది.

ఇప్పుడు ఆ చేపను నాలుగడుగుల తొట్టెలో పెట్టండి. పైన మూత, మూతకు ట్యూబులైటు. పైన చూడటానికి ఏమీ లేదు. రొయ్య ముక్కలు వేస్తే అడుగుకు దిగుతాయి, మనుషులు కింద తిరుగుతుంటారు. తొట్టెల్లో పెరిగిన వెండి అరోవానాలకు కన్ను కిందికి వాలిపోవడం తరచుగా కనిపించే లోపం. ఎప్పుడూ కిందికి చూడటం వల్లనని కొందరు, కొవ్వు ఎక్కువైన మేత వల్ల కంటి వెనక కొవ్వు పేరుకుని కన్నును తోస్తుందని కొందరు, గాజుకు తగిలిన దెబ్బల వల్లనని కొందరు పెంపకందారులు చెబుతారు. ఏకాభిప్రాయం లేదు. మూడూ కలిసే పనిచేస్తాయేమో. ఒకసారి వాలిన కన్ను మళ్ళీ సరికావడం కష్టం.

తొట్టె చిన్నదైతే ఇరుకొక్కటే కాదు సమస్య. చేప మొప్పల ద్వారా అమ్మోనియా విసర్జిస్తుంది. అది చేపకే విషం. తొట్టె వడపోతలో పెరిగే ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, మరో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ అంత ప్రమాదకరం కాదు కానీ పేరుకుపోతుంది, నీళ్ళు మార్చి తీసేయాల్సిందే. నదిలో ఈ పని లక్షల ఘనపుటడుగుల నీరు, మట్టి, మొక్కలు కలిసి చేస్తాయి. మాంసం తిని రెండడుగులు పెరిగే చేప వదిలే వ్యర్థాలను చిన్న వడపోత సంచి ఎంతని మోస్తుంది? దుకాణంలో కొన్నప్పుడు అది చిటికెన వేలంత పిల్ల. చక్కగా మేపితే ఒక్క ఏడాదిలోనే అడుగు దాటుతుంది. అమ్మేవాళ్ళు ఈ మాట మొదటే చెబితే ఎందరు కొంటారో!

తండ్రి నోట్లో పిల్లలు

మన శీలావతి చేప కిలో బరువుకు రెండు లక్షల వరకు గుడ్లు పెడుతుంది. పెట్టి వెళ్ళిపోతుంది. అందులో ఏ కొన్నో బతికితే చాలు. అరోవానాది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పద్ధతి. ఆసియా అరోవానా ఆడచేప ఒక విడతలో పెట్టే గుడ్లు కొన్ని పదులు మాత్రమే. ఒక్కొక్కటి సెంటీమీటరుకు మించిన గుండు. మగచేప వాటిని నోట్లోకి తీసుకుని, పిల్లలై సొంతంగా ఈదగలిగేదాకా దాదాపు రెండు నెలలు మోస్తుంది. అన్నాళ్ళూ ఆ నోటికి తిండి దాదాపు ఉండదు. వెండి అరోవానాలోనూ మోసేది తండ్రే, గుడ్లు మాత్రం కొంచెం ఎక్కువ. (ఆస్ట్రేలియా జాతుల్లో ఈ బాధ్యత తల్లిది.)

ఇంత పొదుపైన సంతానానికి ఒక బలహీనత ఉంది: పిల్లలన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. అమెజాన్ ప్రాంతంలో కొన్నిచోట్ల తొట్టెల వ్యాపారం కోసం పిల్లలను పట్టేవాళ్ళు తండ్రిని చంపి, నోరు తెరిచి పిల్లలను తీసుకునేవారు. తండ్రి పోతే వచ్చే ఏటి పిల్లలు కూడా పోయినట్టే. గాజు వెనక మెరిసే పిల్లను చూసినప్పుడు ఆ వెనకటి సంగతి కనిపించదు.

ఆసియా అరోవానా కథ మరీ విచిత్రం. ఒకప్పుడు అది బోర్నియో, సుమత్రా పల్లెల్లో కూర చేప మాత్రమే. 1975లో అమలులోకి వచ్చిన సైటిస్ ఒప్పందం కింద దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు. ఫలితంగా అది అరుదైన వస్తువయ్యింది, అరుదైనదని తెలిసి ధర పెరిగింది, ధర పెరిగేసరికి దొంగతనంగా పట్టడం పెరిగింది. తర్వాత చెరువుల్లో పెంచిన చేపలకు, నమోదైన పెంపక కేంద్రాల నుంచి మాత్రమే, వ్యాపారానికి అనుమతిచ్చారు. అలాంటి చేప శరీరంలో గుర్తింపు చిప్ ఉంటుంది. పెంపక కేంద్రాల్లో అవి లక్షల్లో ఉన్నా, సొంత నదుల్లో ఇంకా ప్రమాదంలోనే ఉంది. మనదేశంలో 2022 నాటి వన్యప్రాణి చట్ట సవరణ తర్వాత సైటిస్ జాబితాలోని సజీవ జంతువులను ఉంచుకున్నవాళ్ళు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి. ఆసియా అరోవానా ఆ జాబితాలో ఉంది. సూరత్ దుకాణంలోని వెండి చేప లేదు.

నిషేధం కన్నా మెరుగైన దారి ఉందా అంటే బ్రెజిల్‌లోని మమిరావువా ప్రాంతాన్ని చూపించవచ్చు. అరపైమా మొప్పలున్నా గాలి పీల్చక తప్పని చేప. కొన్ని నిమిషాలకోసారి పైకి వస్తుంది. అనుభవమున్న బెస్తలు ఆ కదలికను, చప్పుడును బట్టి సరస్సులో ఎన్ని ఉన్నాయో లెక్కించగలరు. వాళ్ళ లెక్కను శాస్త్రజ్ఞులు వేరే పద్ధతితో సరిచూస్తే బాగా కుదిరింది. 1999 నుంచి అక్కడ ఏటేటా బెస్తలే లెక్కపెట్టి, పెద్ద చేపల్లో 30 శాతానికి మించకుండా పడుతున్నారు. చేపలు తగ్గలేదు సరికదా ఎన్నో రెట్లు పెరిగాయి.

వరదొస్తే?

ఇక రెండో ప్రశ్న. ఆ అబ్బాయి 2006 నాటికి పుట్టలేదు. కానీ సూరత్‌లో ఏ ఇంట్లోనైనా ఆ ఆగస్టు గురించి చెబుతారు. ఉకాయి జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ పొంగి నగరంలో అధిక భాగం మునిగింది. నేలమీది గదుల్లో ఉన్నవన్నీ నీళ్ళలో కలిశాయి. దుకాణంలోని తొట్టె ఎత్తు మూడడుగుల బల్ల మీద ఉందనుకోండి, నీరు ఆ ఎత్తుకు వస్తే తొట్టెకూ తాపీకీ మధ్య గోడ లేనట్టే. ఎగరడమే వృత్తి అయిన చేపకు మూత ఒక లెక్కా!

ఇది ఊహ మాత్రమే కాదు. 2018 ఆగస్టు వరదల తర్వాత కేరళలోని చాలకుడి నదిలో బెస్తల వలలకు అరపైమాలు చిక్కాయి. అమెజాన్ చేప, కేరళ నదిలో! పెంచుతున్న చోటు నుంచి వరద వాటిని నదిలోకి తెచ్చిందని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఉత్తర అమెరికాకు చెందిన ఎలిగేటర్ గార్ అనే మరో వేటచేప కూడా కేరళ నదుల్లో బయటపడింది. 2019లో కరెంట్ సైన్స్ పత్రికలో ఆ నివేదిక వచ్చింది. పశ్చిమ కనుమల నదుల్లో ప్రపంచంలో మరెక్కడా లేని చిన్న చేపలు ఎన్నో ఉన్నాయి. వాటికి ఇలాంటి శత్రువును ఎదుర్కొన్న అనుభవం లేదు.

ఒక్క అరోవానా తాపీలో పడితే ఏమవుతుంది? ఒక్కటే అయితే పిల్లలు పుట్టవు, కొన్నాళ్ళు చిన్న చేపలను తిని అది చచ్చిపోతుంది. కానీ నగరంలో అలాంటి తొట్టె ఒక్కటే ఉండదు కదా. పైగా వరద అక్కర్లేదు. తొట్టెకు మించి పెరిగిన చేపను చంపడానికి చేతులు రాక, 'నదిలో వదిలితే పుణ్యం' అనుకునేవాళ్ళు చాలు. తొట్టె గోడల పాచి తింటుందని తెచ్చిన దక్షిణ అమెరికా సక్కర్ చేప ఇలాగే బయటపడి, నేడు కృష్ణా, గోదావరి జిల్లాల కాలువల్లో, చెరువుల్లో వలలు చింపుతోంది. మనవాళ్ళు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. అదీ మొదట ఎవరో ముచ్చటపడి కొనుక్కున్న చేపే.

మన బంధువు

ఇంతసేపూ అమెజాన్ గురించి, బోర్నియో గురించి చెప్పాను. మన నదుల్లో అరోవానా లేదన్నాను కానీ, దాని క్రమానికి చెందిన బంధువులు లేరనలేదు. కత్తి అలుగులా పలచగా, వీపు గూనిగా, తోక ఎక్కడ మొదలైందో తెలియకుండా పొట్ట కింది వాజం చివరిదాకా సాగిపోయే చేపను మీరు చేపల బజారులో చూసి ఉండవచ్చు. నోటాప్టెరస్ నోటాప్టెరస్ దాని శాస్త్రీయనామం. బెంగాలీలు ఫోలుయి అంటారు. గోదావరిలో, కృష్ణలో, చెరువుల్లో ఉంటుంది. గంగా, బ్రహ్మపుత్ర, మహానది ప్రాంతాల్లో దీని పెద్దన్న చితల్ ఉంది. నాలుగడుగుల దాకా పెరుగుతుంది. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద రాసిన గ్రంథంలో దాన్ని వర్ణించాడు. ఉత్తరప్రదేశ్‌కు అది రాష్ట్ర చేప. వీపు భాగమంతా సన్నని ముళ్ళే కాబట్టి బెంగాలీ ఇళ్ళలో చెంచాతో మాంసాన్ని గీకి ఉండలు చేసి వండుతారు. ఓపిక ఉన్నవాళ్ళ వంట.

ఈ కత్తి చేప ఈదే తీరు చూడటానికి గాజు తొట్టె నిజంగా పనికొస్తుంది. శరీరం కదపదు. పొట్ట కింది పొడవాటి వాజంలో అల పుట్టిస్తుంది. అల తల నుంచి తోకకు పారితే చేప ముందుకు పోతుంది, తోక నుంచి తలకు పారితే అంతే సులువుగా వెనక్కి పోతుంది. కొరమీను లాగే ఇది కూడా గాలి పీల్చగలదు. అయితే కొరమీనుకు అందుకోసం తలలో ప్రత్యేకమైన గదులుంటాయి, దీనికి వాయుకోశమే ఊపిరితిత్తి పని చేస్తుంది. ఆక్సిజన్ తగ్గిన వేసవి చెరువులో సాయంత్రం పూట బుడుంగున పైకొచ్చి వెండిలా మెరిసి మాయమయ్యేది ఇదే కావచ్చు. చితల్ గుడ్లు పెడితే మగచేప కాపలా కాసి తోకతో నీరు విసురుతుంది. నోట్లో మోయకపోయినా తండ్రి బాధ్యత ఈ వంశంలో మరీ దూరం పోలేదు.

దీనికోసం ఎవరూ తొట్టెకు దీపాలు పెట్టరు, అదృష్టం తెస్తుందని అనరు. బజారులో మిగతా చేపల పక్కన తక్కువ ధరకు కుప్పగా పోసి ఉంటుంది. ఈసారి కనిపిస్తే అమ్మేవాళ్ళను అడిగి ఒకదాన్ని చేతిలోకి తీసుకోండి. నోరు తెరిచి, చూపుడువేలి కొసతో నాలుకను మెల్లగా లోపలి నుంచి బయటికి రాయండి. గరుకుగా తగిలేవి పళ్ళు.